పొలము నుండి స్నానాల గదికి: విషము ఇంట చేరకుండ జాగ్రత్తలు

(ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవి అంచు గ్రామముల రైతుల కొరకు ఉద్దేశించిన ప్రసంగ పాఠము)



ఏ పురుగుకు ఏ మందు చల్లవలెనో, ఎకరమునకు ఎంత వాడవలెనో తెలుపు ప్రసంగములు మీరు చాలా విని ఉందురు. ఈనాడు నేను చెప్పబోవునది మందు చల్లుట గూర్చి కాదు, చల్లిన పిమ్మట ఇంటికి వచ్చి స్నానము చేయుట గూర్చి. స్నానము గూర్చి కూడ ఒకరు చెప్పవలెనా అని మీకు తోచవచ్చును. దయతో కొంచెము ఓపిక పట్టి వినుడు.

పైరు మీద పడిన మందు ఎండకు, గాలికి, వానకు క్రమముగా తరిగిపోవును. ఇంటిలోనికి వచ్చిన మందుకు ఎండ తగలదు, వాన తగలదు. అది చీకటి మూలలో, తడి గోడకు, దండెము మీది బట్టకు అంటుకొని పెక్కు దినములు నిలుచును. పొలములో మందు తగిలేది చల్లిన మనిషికి. స్నానాల గదిలో తగిలేది మందును ఎన్నడూ ముట్టుకొనని వారికి: ఆ బట్టలు ఉతికే ఇల్లాలికి, ఆ బండ మీద కూర్చుండి నీళ్ళు పోయించుకొనే పసిబిడ్డకు.

మన ప్రాంతములో ఈ విషయము మరింత ముఖ్యమైనది. గోదావరి ఒడ్డున చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు మొదలుకొని జూలూరుపాడు, ఏన్కూరు వరకు మనము నమ్ముకొన్నవి మిరప, ప్రత్తి. రెండును మందు ఎక్కువగా కోరే పైరులే. 2021లో మిరప పూతలో నల్ల తామరపురుగు వచ్చినప్పుడు ఏ మందు కొట్టినను లొంగక, చల్లిన దానిపై చల్లి, కొందరు ఒక మందులో మరియొకటి కలిపి చల్లిరి. అంత మందు పంపుతో వీపున మోసి, సాయంకాలము ఇంటికి వచ్చిన మనిషి మొదట అడుగు పెట్టేది స్నానాల గదిలోనే. అది సిమెంటు గది కావచ్చును, తడికెల చాటున పరచిన రాతి బండ కావచ్చును. ఆ చోటు విషము ఇంటి నుండి వెళ్ళిపోయే ద్వారము కావలెను గాని, విషము కాపురముండే చోటు కారాదు. నేను చెప్పవలసినది ముఖ్యముగా ఇదియే.

చర్మము ద్వారా విషము

మందు నోటిలోనికి పోనంతవరకు భయము లేదని పలువురు అనుకొందురు. ఇది పొరపాటు. మనము వాడే పురుగుమందులలో చాలా వరకు నూనె స్వభావము కలవి. అవి చర్మము గుండా లోనికి ఇంకిపోవును. శరీరమంతటను ఒకే తీరున ఇంకవు.

అమెరికా దేశములో మెయిబాక్, ఫెల్డ్‌మన్ మున్నగు శాస్త్రజ్ఞులు పరాథియాన్ అను పురుగుమందును అతి స్వల్పముగా మనుష్యుల చర్మమునకు రాసి పరీక్షించి, ఫలితములను 1971లో ప్రకటించిరి. ముంజేతిపై రాసినది నూటికి సుమారు 9 వంతులు లోనికి పోయినది. తలపై రాసినది 32 వంతులు, నుదుటిపై రాసినది 36 వంతులు, చంకలో రాసినది 64 వంతులు పోయినది. పురుషుల గజ్జల నడుమ మెత్తని చర్మముపై రాసినది దాదాపు అంతయు లోనికి పోయినది.

ఈ లెక్క ఒక్కసారి ఆలోచించుడు. పంపు కారి వీపున దిగిన మందు నడుము వద్ద లుంగీని తడిపి ఎచ్చటికి చేరును? చెమట తుడుచుకొన్న చేయి నుదుటిని, మెడను తాకును. చేతులు, కాళ్ళు మాత్రము కడుగుకొని అన్నమునకు కూర్చున్నచో, విషము ఎక్కువగా ఇంకే చోట్లను అట్లే వదలివేసినట్లు. ఆ రాత్రి అంతయు అది లోనికి పోవుచునే ఉండును.

స్నానము చేయు విధము

మందు కొట్టిన దినమున చేయు స్నానము వేరు, ఇతర దినముల స్నానము వేరు. దాని క్రమము ఇది.

సాధ్యమైనంతవరకు పొలములోనే, బోరు వద్దనో చేను గట్టుననో, మొదట చేతులను సబ్బుతో కడుగవలెను. చేతులు కడుగకుండ మూత్రవిసర్జనకు పోరాదు. బీడీ, చుట్ట, ఆకు వక్క ముట్టరాదు. పొలములో ఒక సబ్బు బిళ్ళ, ఒక డబ్బా మంచినీరు ఉంచుట పెద్ద ఖర్చు కాదు.

ఇంటికి వచ్చిన పిమ్మట మంచము మీద, అరుగు మీద కూర్చుండక ముందే, బిడ్డను ఎత్తుకొనక ముందే, స్నానము చేయవలెను. మందు బట్టలను స్నానాల గది బయటనే విడిచి, వాటికై ప్రత్యేకించిన పాత బకెట్టులో వేయవలెను.

మొదట చల్లని నీరు గాని, గోరువెచ్చని నీరు గాని ధారాళముగా పోసుకొని, సబ్బుతో తల నుండి పాదముల వరకు రుద్దుకొనవలెను. అలసట తీరునని వేడివేడి నీరు పోసుకొనుట మనకు అలవాటు. వేడికి చర్మములో రక్తప్రసారము హెచ్చి, మందు మరింత త్వరగా లోనికి పోవును. వేడినీళ్ళ స్నానము ఆ ఒక్క దినమునకు మానుకొనుడు. పీచుతో గట్టిగా రాకి చర్మము చిట్లచేయరాదు. చిట్లిన చర్మము విషమునకు తెరచిన తలుపు వంటిది. తల వెండ్రుకలు, చెవుల వెనుక, చంకలు, బొడ్డు, గజ్జలు, గోళ్ళ సందులు మరువక కడుగవలెను. ఒకసారి సబ్బు పెట్టి కడిగి, మరల ఒకసారి సబ్బు పెట్టవలెను. ఒంటికి నూనె రాసుకొని మందు కొట్టుటకు పోరాదు. నూనె మందును పట్టి ఉంచును.

చివరకు బండను, నేలను సబ్బునీటితో కడిగి, చీపురుతో ఊడ్చి, ఆ పిమ్మటనే పిల్లలను అక్కడికి రానీయవలెను. అదే బండ మీద అంట్లు తోమే అలవాటున్న ఇండ్లలో, మందు కొట్టిన దినమున ఆ పని వేరొక చోట చేసికొనుట మంచిది.

మిరపకాయలు ఏరుటకు ఛత్తీస్‌గఢ్ నుండి వచ్చి, చేల గట్లనే గుడిసెలు వేసికొని నెలల తరబడి ఉండే కూలీలు మన ప్రాంతములో కలరు. వారికి స్నానాల గది లేదు. మందు అంటిన కాయలు ఏరిన చేతులతోనే వారు పిల్లలకు అన్నము పెట్టుచున్నారు. వారికి సబ్బు, నీరు, చాటుగా నాలుగు తడికెలు ఏర్పరచుట ఆసామి బాధ్యత. మందు కొట్టిన వెంటనే వారిని చేనిలోనికి పంపరాదు. మందు చీటీపై వ్రాసిన గడువు తీరువరకు ఆగవలెను.

మందు బట్టలు ఉతుకుట

అక్కలారా, అమ్మలారా! ఈ మాట మీకు ప్రత్యేకముగా చెప్పుచున్నాను. ఇంటిలో అందరి బట్టలతో మందు బట్టలు కలిపి నానవేయకుడు. ఒకే బకెట్టులో నానిన యెడల, చొక్కాకు అంటిన విషము పసిపిల్లల గుడ్డలకు అంటును.

మందు బట్టలను ఆ దినమే ఉతుకవలెను. నిలువ ఉన్నకొలది మందు దారములో ఇంకి, వదలుట కష్టమగును. చేతులకు రబ్బరు తొడుగులు గాని, అవి లేనిచో చిరుగులు లేని ప్లాస్టిక్ సంచులు గాని తొడుగుకొని, బట్టలను ముందు ఒకసారి ఉత్త నీటిలో ముంచి తీసి, ఆ నీటిని పారబోయవలెను. పిమ్మట సబ్బుపొడి కలిపిన వేడినీటిలో, చేతితో గాక కర్రతో త్రిప్పి ఉతుకవలెను. ఒంటికి వేడినీరు వద్దంటిని, బట్టకు వేడినీరే మంచిదంటున్నాను. బట్టలో నుండి మందును వదిలించుటకు వేడినీరు తోడ్పడును గనుక ఈ భేదము. ఉతికిన వాటిని నీడలో గాక మంచి ఎండలో ఆరవేయవలెను.

నీరు కలుపని చిక్కని మందు సీసా ఒలికి తడిసిన బట్ట ఎన్ని ఉతుకులకైనను శుభ్రపడదు. అట్టి బట్టపై ఆశ వదులుకొనవలెను. గుడ్డపేలికగా కూడ వాడరాదు.

ఉతికిన నీటిని బావి చెంతను, బోరు చెంతను, వాగులోను పోయకుడు. మన ఊళ్ళలో పెక్కింటి వాననీరు కిన్నెరసానికో, ముర్రేడుకో, చిన్న వాగులకో పోయి చివరకు గోదావరిలో కలియును. వాగులో చేపలున్నవి, పశువులు త్రాగును, దిగువ గూడెముల వారు చెలమలు తీసి ఆ నీటినే త్రాగుదురు. నీటి వనరులకు దూరముగా, పశువులు మేయని బీడు నేలపై పలుచగా పోయుట మేలు.

ఖాళీ డబ్బాలు, పంపులు, పీపాలు

మందు డబ్బా గట్టిగా ఉండును, మూత బాగుండును. పారవేయుటకు మనసు రాదు. పైభాగము కోసి స్నానాల గదిలో మగ్గుగా వాడుట, కాళ్ళు కడుగుకొనుటకు నీరు పోసి ఉంచుట కొన్ని ఇండ్లలో కనుపించును. ఎన్నిసార్లు కడిగినను ప్లాస్టిక్‌లో ఇంకిన మందు పూర్తిగా పోదు. పాత సామాను అంగళ్ళలో చవకగా దొరకే పెద్ద నీలి పీపాలలో నీరు నింపుకొనే వారు కూడ, దానిలో పూర్వము ఏమి ఉండినదో తెలియనిచో కొనరాదు.

ఈ మాట ఎంత ముఖ్యమో తెలుపుటకు ఒక దుఃఖకరమైన సంగతి చెప్పెదను. 2013 జూలైలో బీహారు రాష్ట్రము సారణ్ జిల్లా గండామన్ గ్రామములో బడి మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు మరణించిరి. వంటలో మోనోక్రోటోఫాస్ అను పురుగుమందు కలిసినట్లు పరీక్షలో తేలినది. మందు డబ్బాలో నూనె నిలువచేసినందున ఇట్లు జరిగినదని అధికారులు తెలిపిరి. ఒక్క డబ్బా చేయగల కీడు అంతటిది.

మందు అయిపోయిన డబ్బాను పొలములోనే మూడు మారులు నీటితో కడిగి, ఆ కడుగునీటిని పంపులోనే పోసి పైరుకు చల్లవలెను. పిమ్మట డబ్బాకు చిల్లులు పొడిచి, తిరిగి ఎవరికిని పనికిరాకుండ చేయవలెను. పంపును కూడ పొలములోనే కడుగవలెను. కొళాయి ఉన్నదని స్నానాల గదికి తెచ్చి కడుగరాదు.

పంపును, మిగిలిన మందు సీసాను స్నానాల గది గూటిలో పెట్టుట మరియొక దురలవాటు. ప్రభుత్వ సహాయముతో కట్టిన మరుగుదొడ్డిని కొన్ని ఇండ్లలో సామాను కొట్టుగా మార్చి, ఎరువు బస్తాలతో పాటు మందు సీసాలను అందులోనే పెట్టుచున్నారు. చీకటిలో షాంపూ సీసా అనుకొని మందు సీసాను తీయుటకు ఎంతసేపు? మందును పిల్లలకందని ఎత్తున, తాళము వేసిన పెట్టెలో, ఇంటికి వెలుపల, దాని అసలు సీసాలోనే ఉంచవలెను. సీసాపై ఎరుపు త్రికోణమున్న అత్యంత విషపూరితము, పసుపు పచ్చని త్రికోణమున్న అధిక విషపూరితము. నీలి, ఆకుపచ్చ గుర్తులు గలవి వాటికంటె తక్కువ విషము గలవే గాని, విషము లేనివి కావు.

నీళ్ళ కాగు క్రింద మంటకు మందు అట్టపెట్టెలు, ఖాళీ సంచులు, ప్లాస్టిక్ సీసాలు వేయుట కూడ చూచుచున్నాము. అడవి అంచున ఉన్న మనకు ఎండుపుల్లలకు కరవు లేదు. ఆ పొగ కాగు చుట్టు చేరే పిల్లల ఊపిరితిత్తులలోనికే పోవును.

తలలో పేలకు, తెల్ల వెండ్రుకలకు

పూర్వము తలలో పేలు చచ్చుటకు గమాక్సిను పొడి చల్లుకొనెడివారు. ఆ బి.హెచ్.సి. మందును మన దేశములో 1997లో నిషేధించిరి. పొడి పోయినను అలవాటు పూర్తిగా పోలేదు. ప్రత్తికి తెచ్చిన మందులో మిగిలిన దానిని ఆడపిల్లల తలకు రాయు ప్రమాదము నేటికిని ఉన్నది. తల చర్మము ముంజేతి కంటె మూడు రెట్లకు పైగా విషము పీల్చునని ఇంతకు ముందే చెప్పితిని. పేలదువ్వెనతో రోజు విడిచి రోజు దువ్వుట, కొబ్బరినూనె పట్టించి కుంకుడు రసముతో తలంటుట మంచి పద్ధతి. అప్పటికిని తగ్గనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో అడిగి, పేలకై తయారు చేసిన మందునే వాడవలెను.

వెండ్రుకలకు నల్లరంగు వేసికొను వారు అందులో పారాఫినిలిన్ డయమిన్ అను రసాయనము ఉండునని తెలిసికొనవలెను. అది కొందరికి ముఖమున వాపు, దురద కలిగించును. కడుపులోనికి పోయినచో గొంతు వాచి ఊపిరాడదు, మూత్రపిండములు చెడును. కావున ఆ సీసాను, పొట్లమును గూటిలో పైకి పెట్టక తాళములో ఉంచుడు.

బట్టల పెట్టెలో, స్నానాల గదిలో వేసే నాఫ్తలీను ఉండలు పిల్లలకు చక్కెర బిళ్ళల వలె కనుపించును. మలేరియా ఎక్కువగా ఉన్న ప్రాంతముల ప్రజలలో కొందరికి జి-6-పి-డి అను పదార్థము రక్తములో తక్కువగా ఉండును. అట్టి పసిబిడ్డలకు ఆ ఉండల వాసన పట్టిన బట్ట కట్టినను రక్తకణములు విరిగి కామెర్లు రావచ్చును. మన ఏజెన్సీ ప్రాంతము మలేరియాకు పేరుపడినదే. బట్టల మధ్య ఎండిన వేపాకు వేసికొనుడు.

యాసిడ్, బ్లీచింగు పొడి కలిపిన ప్రమాదము

గోదావరి వరదలు మనకు కొత్త కావు. భద్రాచలము వద్ద నీటిమట్టము 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. వరద తగ్గిన పిమ్మట ఇంటింటికి బ్లీచింగు పొడి పంచుదురు. బురద పట్టిన గదులను శుభ్రము చేయుటకు దుకాణములో యాసిడ్ సీసా కూడ కొనుక్కొందురు. రెండును కలిపిన రెట్టింపు శుభ్రమగునని తలంచుట సహజము. కాని అట్లు కలిపినచో క్లోరిన్ అను విషవాయువు పుట్టును. మొదటి ప్రపంచ యుద్ధములో 1915 ఏప్రిల్‌లో బెల్జియము దేశపు ఈప్ర్ నగరము వద్ద జర్మను సైన్యము శత్రువుల మీదికి వదలినది ఈ వాయువే.

క్లోరిన్ గాలి కంటె సుమారు రెండున్నర రెట్లు బరువైనది. అది పైనున్న చిన్న కిటికీ గుండా బయటికి పోదు. నేలకు అణగి, వంగి రుద్దుచున్న మనిషి ముఖము చుట్టు నిలుచును. కళ్ళు మండును, దగ్గు తెరలు తెరలుగా వచ్చును, ఊపిరి పట్టివేయును. అట్లయినచో ఆ పని అంతటితో వదలి, వెంటనే ఆరుబయటికి రావలెను. తగ్గినట్లు కనుపించినను కొన్ని గంటల పిమ్మట ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును గనుక వైద్యునికి చూపించుకొనవలెను. మూత్రపు వాసన గల దొడ్డిలో బ్లీచింగు పొడి దట్టముగా చల్లినను చెడువాయువు పుట్టును. ముందు నీరు ధారాళముగా పోసి కడిగి, తరువాత పొడి వాడవలెను. వాడునప్పుడు తలుపు తెరచి ఉంచవలెను.

ఇంకొక సంగతి కలదు. మన మరుగుదొడ్ల గుంటలలో మలమును ఎరువుగా మార్చునవి సూక్ష్మజీవులు. తరచు యాసిడ్, ఫినాయిలు పోసినచో అవి చచ్చును. అప్పుడు గుంట త్వరగా నిండి దుర్వాసన కొట్టును. పేడ ఎరువు గుంటలో యాసిడ్ పోసే రైతు ఉండడు గదా!

అయితే బోరునీటి ఉప్పుకు గచ్చు మీద తెల్లని పొర కట్టును, దానికి ఉపాయమేమని మీరడుగవచ్చును. చింతపండు పిప్పి గాని, పిండిన నిమ్మ చెక్కలు గాని, బాగా పులిసిన మజ్జిగ గాని ఆ పొరపై రాసి, ఒక గంట నానిన పిమ్మట కొబ్బరి పీచుతో రుద్దినచో చాలవరకు వదలును. జిడ్డుకు కుంకుడు రసము చాలును. వారమునకొకసారి ఇట్లు చేసిన పొర గట్టిపడదు, యాసిడ్ అవసరము రాదు. చింత, కుంకుడు మన పెరటిలోను, మన అడవిలోను ఉన్నవే. కుంకుడు, శీకాయ కంటిలో పడినచో మండునని మాత్రము పిల్లల విషయమున గుర్తుంచుకొనవలెను.

ప్రమాదము జరిగినప్పుడు

మందు కొట్టి వచ్చిన మనిషికి తలనొప్పి, తల త్రిప్పుట, ఎక్కువగా చెమట, నోట చొంగ, కన్నుపాప చిన్నదగుట, వాంతి, కండరములు అదరుట వీటిలో ఏవి కనుపించినను, ఎండదెబ్బ అనుకొని పడుకొనబెట్టి ఊరకుండరాదు. వెంటనే 108కి ఫోను చేయవలెను. బండి వచ్చునంతలో బట్టలు తీసివేసి, సబ్బునీటితో ఒళ్ళంతయు కడుగవలెను. కడిగేవారు చేతులకు తొడుగులు వేసికొనవలెను. కంటిలో పడినచో 15 నిమిషములు మంచినీటి ధారతో కడుగవలెను. మ్రింగిన వారికి ఉప్పునీరు త్రాగించి బలవంతముగా వాంతి చేయించరాదు. స్పృహ తప్పిన వారికి నోట ఏమియు పోయరాదు. ఒక ప్రక్కకు తిప్పి పడుకొనబెట్టవలెను. మందు సీసాను, చీటీని వైద్యునికి చూపుటకు తప్పక వెంట తీసికొని పోవలెను. ఏ మందో తెలిసినగాని వైద్యుడు తగిన విరుగుడు ఇయ్యజాలడు. అడవి లోపలి గూడెములకు బండి వచ్చుట ఆలస్యమగును గనుక, మొదటి పావుగంటలో ఇంటివారు చేసే ఈ పనియే ప్రాణము నిలుపవచ్చును.

విషము తక్కువగా తెచ్చుకొనుట

ఎంత కడిగినను, అసలు విషమే తక్కువగా తెచ్చుకొనుట అన్నిటికంటె మేలు. ఇది మన గడ్డ మీదనే జరిగి చూపిన పని. పాల్వంచ మండలము పునుకుల గ్రామములో ప్రత్తి, మిరపలకు మందులు కొట్టి, మందుల దుకాణములకు అప్పులపాలై, ఆరోగ్యము చెడిన రైతులు 1999లో ‘సెక్యూర్’ అను స్వచ్ఛంద సంస్థ ప్రోత్సాహముతో వేరు దారి పట్టిరి. మొదట కొద్దిమందియే ముందుకు వచ్చిరి. వేసవి దుక్కులు, ఎర పంటలు, లింగాకర్షక బుట్టలు, వేపగింజల కషాయము, పచ్చిమిర్చి వెల్లుల్లి కషాయము వాడిరి. ఖర్చు తగ్గుట చూచి తక్కినవారును చేరిరి. 2004 నాటికి గ్రామమంతయు పురుగుమందులు లేని సేద్యము చేయుచున్న ఊరుగా పేరు పొందినది. ఇందులో మహిళా సంఘములు ముందు నిలిచినవి. అది సహజమే. మందు బట్టలు ఉతికినది వారే గదా! పిమ్మట ఈ పద్ధతిని ఉమ్మడి రాష్ట్రములో గ్రామీణాభివృద్ధి కార్యక్రమము ద్వారా పెక్కు జిల్లాలకు విస్తరింపజేసిరి.

వేపగింజల కషాయము చేయుట సులభము. 5 కిలోల వేపగింజల పప్పును దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, 10 లీటర్ల నీటిలో ఒక రాత్రి నానవేయవలెను. తెల్లవారి పిసికి వడకట్టి, 100 గ్రాముల సబ్బుపొడి కలిపి, 100 లీటర్ల వరకు నీరు చేర్చి సాయంకాలము చల్లవలెను. ఒకేసారి ఊరంతయు మారవలెనని నేను చెప్పుట లేదు. ఈ ఏడు ఒక అర ఎకరములో చేసి చూడుడు. పురుగు సంఖ్య నష్టపరిమితి దాటినప్పుడే మందు గూర్చి ఆలోచింపుడు. ఒక్క పిచికారి తగ్గినను, ఇంట ఒక దినపు విషము తగ్గినట్లే. వైరా కృషి విజ్ఞాన కేంద్రము, మధిర వ్యవసాయ పరిశోధన స్థానము మనకు దగ్గరలోనే ఉన్నవి. సందేహములున్న అక్కడి శాస్త్రజ్ఞులను అడిగి తెలిసికొనవచ్చును.

సోదర సోదరీమణులారా! చెప్పినవన్నియు ఒక్క దినములో జరుగవు. ఈ సాయంకాలమే చేయదగినవి నాలుగు పనులు కలవు. స్నానాల గది గూటిలో మందు సీసా ఉన్నచో తీసి బయట తాళములో పెట్టుడు. మందు డబ్బాతో చేసిన మగ్గు ఉన్నచో దానికి చిల్లులు పొడువుడు. మందు బట్టలకు ఒక పాత బకెట్టును వేరుచేసి, అందరికి తెలియునట్లు దానిపై గుర్తు వేయుడు. యాసిడ్ సీసా, బ్లీచింగు పొడి ఒకే చోట ఉన్నచో వాటిని విడదీయుడు. ఈ నాలుగింటికి మీకు ఒక్క పైసా ఖర్చు కాదు. పంట ఒక ఏడు పోయినచో మరుసటి ఏడు వచ్చును. ఇంటిలోని మనుష్యుల ఆరోగ్యము అట్లు తిరిగి వచ్చునది కాదు.